జొటెరోకి కొత్త: వాక్యంలో ఇనిషియల్స్ తగులుకోవడం, జాబితాలో ఒకే వ్యాసం రెండుసార్లు రావడం

పాదసూచిక (ప్రశ్న):
రిఫరెన్సులు చేత్తో టైపు చేసే అలవాటు నుంచి జొటెరో 7 అనే రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్‌కి మారుతున్నాను. విండోస్, కంప్యూటర్‌లో వేసుకున్న వర్డ్, ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) 7వ కూర్పు స్టైల్. దాదాపు 400 పీడీఎఫ్‌లు ఒక్కసారే లాగి లైబ్రరీలో వేశాను. వాటిలో కొన్నింటికి పేరూ ఊరూ రాలేదు, ఫైలు పేరుతోనే ఉన్నాయి. వర్డ్‌లో (వర్మ, 2018) సరిగ్గానే వస్తోంది కానీ రావు దగ్గరికొచ్చేసరికి (కె. వి. రావు, 2018), (కె. రావు, 2021) అని ఇనిషియల్స్ తగులుకుంటున్నాయి. ఇద్దరూ ఒకరే. ఒక వ్యాసమైతే 2020ఎ, 2020బి అని జాబితాలో రెండుసార్లు కనబడుతోంది. కొన్ని ఇంగ్లిష్ శీర్షికల్లో ప్రతి మాటా పెద్దక్షరంతో మొదలవుతోంది. ఇవన్నీ వర్డ్‌లోనే దిద్దుకోవచ్చా? పాత అధ్యాయాల్లో చేత్తో టైపు చేసిన సైటేషన్లను (వాక్యంలోని ఉటంకింపులను) జొటెరో తనంతట తాను గుర్తుపట్టే మార్గం ఉందా?

అకారాది:
చివరి ప్రశ్నకు ముందు జవాబు: లేదండీ. చేత్తో రాసిన (రావు, 2018) దానికి ఉత్త అక్షరాలే. ఒక్కొక్కటీ చెరిపి, అక్కడే యాడ్/ఎడిట్ సైటేషన్ నొక్కి మళ్లీ పెట్టాల్సిందే. వారంలో సమర్పించాల్సిన రాత అయితే దాన్ని అలాగే వదిలేసి, తర్వాతి దానితో మొదలుపెట్టడం మేలు.

వర్డ్‌లో మాత్రం ఏదీ దిద్దకండి. అక్కడ కనబడేది జొటెరో పెట్టిన ఫీల్డులోంచి (దానంతటదే నిండే చోటు) వచ్చిన ఫలితం. చేత్తో మార్చితే, తర్వాతిసారి రిఫ్రెష్ అయ్యేటప్పుడు మీరు మార్చినట్టు గమనించి, ఉంచాలా తీసేయాలా అని అడుగుతుంది. ఉంచమంటే ఆ సైటేషన్ ఇక తాజా అవ్వదు, స్టైల్ మార్చినా పాత రూపంలోనే మొండికేస్తుంది. పేజీ నంబరు, ముందు ‘చూ.’ లాంటి మాట కావాలంటే సైటేషన్ మీద కర్సర్ ఉంచి అదే బటన్ నొక్కండి. పేరున్న బుడగ మీద క్లిక్ చేస్తే పేజీ, ముందుమాట, వెనకమాట, రచయిత పేరు దాచడం అన్నీ అక్కడే ఉంటాయి.

ఇనిషియల్స్ సంగతి. ఇంటిపేరు ఒకటే అయిన ఇద్దరు వేర్వేరు రచయితలుంటే వాక్యంలో ఇనిషియల్స్ చేర్చాలన్నది ఏపీఏ నియమం. మీ లైబ్రరీలో ఒకచోట ‘రావు, కె. వి.’, మరోచోట ‘రావు, కె.’ ఉన్నాయి కాబట్టి జొటెరో లెక్కలో వాళ్లిద్దరు. అది చేసింది తప్పేం కాదు, దానికి అందిన సమాచారమే తప్పు. క్రియేటర్ కాలమ్ మీద నొక్కి అకారాదిగా పేర్చండి, ఒకే ఇంటిపేరున్నవి పక్కపక్కన చేరతాయి. అన్నింట్లోనూ పేరు ఒకే రూపంలో పెట్టి, వర్డ్‌కి వచ్చి రిఫ్రెష్ నొక్కితే ఇనిషియల్స్ వాటంతటవే పోతాయి. ‘రావు కె. వి.’ మొత్తం ఇంటిపేరు గడిలోనే పడిపోవడం కూడా తరచూ జరిగేదే, అదీ చూడండి. సంస్థల పేర్లకు పక్కనే ఉన్న చిన్న బటన్‌తో రెండు గడులను ఒక్క గడిగా మార్చాలి. లేదంటే వరల్డ్ హెల్త్ ఆర్గనైజేషన్ కాస్తా ‘ఆర్గనైజేషన్, డబ్ల్యూ. హెచ్.’ అనే మనిషైపోతుంది!

సెమీకోలన్:
2020ఎ, 2020బి కూడా అదే కుటుంబం. ఒకే వ్యాసం లైబ్రరీలో రెండు ఐటెమ్‌లుగా ఉండి, ఒకచోట ఒకదాన్ని, ఇంకోచోట రెండోదాన్ని ఉటంకించారన్నమాట. ఎడమవైపు డూప్లికేట్ ఐటెమ్స్ తెరిచి, రెండింటినీ ఎంచుకుని మెర్జ్ చేయండి. ఒకదాన్ని డిలీట్ చేయడం మాత్రం వద్దు. మెర్జ్ చేస్తే పాత సైటేషన్లన్నీ మిగిలిన ఐటెమ్‌కి ముడిపడతాయి. డిలీట్ చేస్తే ఆ సైటేషన్ డాక్యుమెంటులో దాగిన పాత వివరాలతోనే అనాథలా మిగిలిపోతుంది. లైబ్రరీలో ఏం దిద్దినా దానికి చేరదు. మెర్జ్ కుదరడం లేదంటే ఐటెమ్ టైప్ చూడండి: ఒకటి జర్నల్ ఆర్టికల్, ఇంకొకటి వెబ్ పేజ్ అయితే ఒప్పుకోదు. ముందు రెండింటినీ ఒకే రకానికి మార్చాలి.

పేరూ ఊరూ లేని పీడీఎఫ్‌లు చాలావరకు స్కాన్ చేసినవై ఉంటాయి. జొటెరో మొదటి కొన్ని పేజీల్లోని అక్షరాలు చదివి డీఓఐ (వ్యాసానికుండే శాశ్వత గుర్తింపు సంఖ్య), శీర్షిక పట్టుకుని వివరాలు తెస్తుంది. స్కాన్‌లో ఉన్నది బొమ్మ, చదవడానికి అక్షరాలే లేవు. ఓసీఆర్ చేసి (బొమ్మలోని రాతను అక్షరాలుగా మార్చి) మళ్లీ ప్రయత్నించొచ్చు. అంతకంటే సులువు, ఫైలు మీద రైట్ క్లిక్ చేసి క్రియేట్ పేరెంట్ ఐటెమ్ ఎంచుకుని డీఓఐ ఇవ్వడం. పుస్తకాలకైతే పైనున్న మంత్రదండం బొమ్మ నొక్కి ఐఎస్‌బీఎన్ ఇవ్వండి. అదే గడిలో డీఓఐ, పబ్‌మెడ్ నంబరు, ఆర్కైవ్ (వ్యాసాల ముందస్తు ప్రతులుండే సైటు) నంబరు కూడా పనిచేస్తాయి, వరుసగా చాలా ఇచ్చినా తీసుకుంటుంది.

నిజానికి పీడీఎఫ్‌లు కుమ్మరించడం కంటే బ్రౌజర్‌లో జొటెరో కనెక్టర్ వేసుకుని, వ్యాసం సారాంశం ఉన్న పేజీ నుంచి సేవ్ చేయడమే శుభ్రమైన దారి. కనెక్టర్ బొమ్మను గమనించండి. వ్యాసం కాగితంలాగో పుస్తకంలాగో ఉంటే అది పేజీని అర్థం చేసుకున్నట్టు. ఫోల్డర్ కనబడితే పేజీలో చాలా రిఫరెన్సులున్నాయని. మామూలు వెబ్ పేజీ బొమ్మే ఉంటే రచయిత, సంపుటి, పేజీలు రాకపోవచ్చు, అప్పుడు డీఓఐ దారి పట్టండి.

అకారాది:
పెద్దక్షరాల మాట మరిచాను. శీర్షిక గడి మీద రైట్ క్లిక్, ట్రాన్స్‌ఫార్మ్ టెక్స్ట్, సెంటెన్స్ కేస్ (మొదటి మాటకే పెద్దక్షరం). తర్వాత మనుషుల, ఊళ్ల పేర్లు, డీఎన్‌ఏ లాంటివి ఒకసారి కళ్లతో చూసి దిద్దండి. లైబ్రరీలో ఎప్పుడూ సెంటెన్స్ కేస్‌లోనే దాచుకోవాలి. ప్రతి మాటకూ పెద్దక్షరం కోరే స్టైల్‌కి జొటెరో తానే మార్చుకుంటుంది. అటునుంచి ఇటు నమ్మకంగా రావడం కుదరదు, ఏది పేరో ఏది మామూలు మాటో యంత్రానికి తెలీదు. ఫ్రెంచి, జర్మన్ శీర్షికలుంటే లాంగ్వేజ్ గడిలో ఆ భాష కోడ్ రాయండి, లేకపోతే వాటినీ ఇంగ్లిష్ అనుకుని మార్చేస్తుంది.

పాదసూచిక:
పేర్లు దిద్ది రిఫ్రెష్ చేశాక ఇనిషియల్స్ పోయాయి, ధన్యవాదాలండీ. ఇంకో రెండు. డేటా ఫోల్డర్‌ని క్లౌడ్ డ్రైవ్‌లో పెడితే రెండు కంప్యూటర్లలోనూ వాడుకోవచ్చు కదా? సహరచయిత కంప్యూటర్‌లో వర్డ్‌కి జొటెరో ట్యాబ్ లేదు, అదెలా తెప్పించాలి?

సెమీకోలన్:
క్లౌడ్ డ్రైవ్‌లో పెట్టొద్దు. రిఫరెన్సుల వివరాలన్నీ ఉండేది ఒకే ఎస్‌క్యూలైట్ (డేటాబేస్) ఫైల్లో. జొటెరో తెరిచి ఉన్నంతసేపూ అది మారుతూనే ఉంటుంది. సగం రాసిన స్థితిలో డ్రైవ్ దాన్ని ఎత్తుకెళ్తే ఆ డేటాబేస్ పాడవుతుంది. జొటెరో ఖాతా తెరిచి దాని సింక్ వాడండి. రిఫరెన్సుల వివరాలకు పరిమితి లేదు, ఫైళ్లకు మాత్రం ఉచితంగా 300 ఎంబీ. 400 పీడీఎఫ్‌లకు అది చాలదు. వెబ్‌డావ్ (నెట్‌లోని నిల్వకు ఫైళ్లు పంపే పద్ధతి) ఇచ్చే నిల్వ మీకుంటే సెట్టింగ్స్‌లోని సింక్ దగ్గర ఫైళ్లను అటు మళ్లించొచ్చు. గ్రూప్ లైబ్రరీలకు వెబ్‌డావ్ పనిచేయదు. సింక్‌ని బ్యాకప్ అనుకోకండి: ఒకచోట చెరిపింది రెండోచోటా చెరిగిపోతుంది. జొటెరో మూసేసి, డేటా ఫోల్డర్ మొత్తాన్ని అప్పుడప్పుడు బయటి డిస్కుకి కాపీ చేయండి.

ట్యాబ్ కోసం: వర్డ్ మూసి, జొటెరోలో ఎడిట్, సెట్టింగ్స్, సైట్ (ఉటంకింపుల విభాగం)లోకి వెళ్లి రీఇన్‌స్టాల్ మైక్రోసాఫ్ట్ వర్డ్ యాడ్-ఇన్ నొక్కి, వర్డ్ మళ్లీ తెరవండి. అప్పటికీ రాకపోతే వర్డ్ ఆప్షన్స్‌లో యాడ్-ఇన్స్ కింద డిసేబుల్డ్ ఐటెమ్స్ చూడండి, కొన్నిసార్లు అక్కడ బందీగా ఉంటుంది. ట్యాబ్ ఉండి కూడా బటన్ నొక్కితే జొటెరోని అందుకోలేకపోయానంటే, రెండింట్లో ఒకటి అడ్మినిస్ట్రేటర్‌గా నడుస్తోందేమో చూడండి, రెండూ మామూలుగానే తెరవాలి. బ్రౌజర్‌లో నడిచే వర్డ్ అయితే ఎంత వెతికినా లాభం లేదు, ఈ యాడ్-ఇన్ అందులో పనిచేయదు.

అకారాది:
సహరచయిత ఉన్నారు కాబట్టి ఒక గ్రూప్ లైబ్రరీ తెరిచి, ఇద్దరూ దాన్నుంచే ఉటంకించండి. మై లైబ్రరీ నుంచి గ్రూపులోకి లాగితే అది వేరే కాపీ అవుతుంది. మీరు ఇక్కడినుంచి, ఆయన అక్కడినుంచి తీసుకుంటే 2020ఎ, 2020బి మళ్లీ ప్రత్యక్షం.

సైటేషన్ల చోట ‘యాడిన్ జొటెరో ఐటెమ్’ అంటూ వంకర బ్రాకెట్లలో చాంతాడంత కోడ్ కనబడితే కంగారు పడకండి, ఆల్ట్, ఎఫ్9 కలిపి నొక్కితే మామూలైపోతుంది. పెద్ద డాక్యుమెంట్ నెమ్మదిస్తే డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లో సైటేషన్లు వాటంతటవే తాజా అయ్యే టిక్ తీసేయండి. కొత్తవి ముక్కలు ముక్కలుగా ఉన్న అడుగుగీతతో ఆగి ఉంటాయి, రిఫ్రెష్ నొక్కినప్పుడు సర్దుకుంటాయి. పత్రికకు పంపేముందు అన్‌లింక్ సైటేషన్స్ చేయాల్సి వస్తే కాపీ మీదే చేయండి, అసలు ఫైలు మీద చేస్తే మళ్లీ చేతి టైపింగే.