అప్‌డేట్: 147573952589676412927 ప్రధాన సంఖ్య కాదు, కారణాంకాలు దొరికాయి

నేను అడిగింది ఇదీ: 2^67 − 1, అంటే పైన ఉన్న సంఖ్య, ప్రధాన సంఖ్యేనా? ఎక్సెల్ దాన్ని సరిసంఖ్యగా ఎందుకు చూపిస్తోంది? సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

ఎక్సెల్ సంగతి ముందు. అది 15 అంకెలే ఉంచుకుంటుంది, మిగతావి సున్నాలు చేసేస్తుంది. దాంతో నా 21 అంకెల సంఖ్య 147573952589676000000 అయిపోయింది. ఫార్మాట్ మార్చమన్న సలహాతో లాభం లేదు, అంకెలు అప్పటికే పోయి ఉంటాయి.

పని చేసింది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష. పూర్ణసంఖ్య ఎంత పెద్దదైనా ఒక్క అంకె కూడా పోనివ్వదు. అయితే అసలు దారి చూపింది "67 ప్రధాన సంఖ్య కాబట్టి దీని ప్రతి ప్రధాన కారణాంకమూ 134k + 1 రూపంలోనే ఉంటుంది" అన్న జవాబు (k అంటే ఏదో ఒక పూర్ణసంఖ్య). ఎంత అందమైన విషయం! అన్ని బేసి సంఖ్యలతో భాగించి చూడక్కర్లేదు, 134 చొప్పున దూకుతూ పోవచ్చు. k = 1445580 దగ్గర శేషం సున్నా వచ్చింది:

193707721 × 761838257287

రెండూ ప్రధాన సంఖ్యలే.

2 ఆధారంగా ఫెర్మా పరీక్ష (సంఖ్య ప్రధానమో కాదో త్వరగా అంచనా వేసే పద్ధతి) చేయమన్నారు. ఇక్కడ అది పనికిరాదు, ఘాతం ప్రధానమైతే 2^n − 1 లాంటి సంఖ్యలన్నీ, ప్రధానం కాకపోయినా, అందులో పాసవుతాయి. ఇలాంటి సంఖ్యల కోసమే ఉన్న లూకాస్-లెమర్ పరీక్ష చేస్తే ప్రధానం కాదని కచ్చితంగా తేలుతుంది, కారణాంకాలు మాత్రం చెప్పదు.

1644లో గణితవేత్త మెర్సెన్ దీన్ని ప్రధాన సంఖ్యల జాబితాలో పెట్టాడు. 1876లో మరో గణితవేత్త లూకాస్ కాదని తేల్చాడు. ఈ రెండు కారణాంకాలనూ 1903లో ఫ్రాంక్ నెల్సన్ కోల్ చూపించాడు, అదీ కంప్యూటర్ లేకుండా!

ఎక్సెల్‌లోనే ఉంచాలంటే సంఖ్యకు ముందు సింగిల్ కోట్ పెట్టి టెక్స్ట్‌గా టైప్ చేయండి, అంకెలు పోవు. లెక్కలు మాత్రం అందులో చేయలేం.