ఇంగ్లండ్‌లో ప్రకృతి పునరుద్ధరణ గ్రాంట్లు: అప్లై చేసే ముందు ఆ నేల ఎవరిదో తేల్చుకోండి

రెడింగ్ నుంచి కొత్త సభ్యుడు:

నమస్కారమండీ. ఉద్యోగం మీద ఈ మధ్యే రెడింగ్ వచ్చాం. మా అపార్ట్‌మెంట్ల వెనక చిన్న వాగు ఒకటి ఉంది. వేసవి వచ్చేసరికి రెండు గట్లూ గులాబీ రంగు పూలు పూసే మనిషెత్తు మొక్కలతో మూసుకుపోయాయి, నీళ్లే కనబడటం లేదు. చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. శని, ఆదివారాల్లో ఆ గట్టు బాగుచేసి చెట్లు నాటుదామని అనుకుంటున్నాం. ఇలాంటి పనులకు ప్రభుత్వం గ్రాంట్లు ఇస్తుందని విన్నాం. ఎక్కడ అప్లై చేయాలి? ఇంకో టెన్షన్ కూడా ఉంది. నాది స్కిల్డ్ వర్కర్ వీసా. పబ్లిక్ ఫండ్స్ తీసుకోకూడదని దాని షరతుల్లో ఉంది. గ్రాంట్ తీసుకుంటే వీసాకు ఏమైనా ఇబ్బంది వస్తుందా?

ఆక్స్‌ఫర్డ్ నుంచి పాత సభ్యురాలు:

తమ్ముడూ, ముందు వీసా సంగతి చెప్తాను, ఎందుకంటే ఆ భయంతోనే మనవాళ్లు చాలామంది ఇలాంటి పనుల జోలికి వెళ్లరు. పబ్లిక్ ఫండ్స్ అంటే ఏవేవో ఇమిగ్రేషన్ రూల్స్‌లో జాబితా ఉంది. యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్, ఇంటి అద్దెకు సాయం, కౌన్సిల్ ట్యాక్స్ తగ్గింపు, ఇలా మనిషికి, కుటుంబానికి అందే సాయాలు అందులో ఉంటాయి. ఒక సంఘం పేరు మీద వాగు బాగుచేయడానికి వచ్చే ప్రాజెక్ట్ గ్రాంట్ ఆ జాబితాలో లేదు. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్లు వాలంటీర్‌గా పనిచేయడానికీ అడ్డు లేదు. జాగ్రత్త పడాల్సింది ఒక్కచోటే. బడ్జెట్‌లో కోఆర్డినేటర్ జీతం అని రాసి ఆ డబ్బు మీరే తీసుకుంటే అది ఉద్యోగం కిందికి వస్తుంది, దానికి వీసా రూల్స్ వేరు. మీ గుంపులో స్టూడెంట్ వీసా పిల్లలుంటే వాళ్లకు డబ్బు ముట్టే పనులు అసలు పెట్టకండి. సందేహం ఉంటే రిజిస్టర్ అయిన ఇమిగ్రేషన్ సలహాదారును అడగండి, వాట్సాప్ గ్రూపుల మాట నమ్మకండి.

ఇక అసలు విషయం. గ్రాంట్ ఎక్కడుందని వెతికే ముందు ఆ గట్టు ఎవరిదో కనుక్కోండి. కౌన్సిల్‌దా, పార్క్ నడిపే ట్రస్ట్‌దా, రైతుదా, మీ అపార్ట్‌మెంట్లు కట్టిన కంపెనీదా? ఇక్కడ ప్రకృతి కోసం వచ్చే డబ్బులో ఎక్కువ భాగం నేలను పట్టుకుని వస్తుంది. నేల ఎవరి చేతిలో ఉందో వాళ్లకే ఇస్తారు, లేదా వాళ్ల రాతపూర్వక అనుమతి ఉన్నవాళ్లకు ఇస్తారు. ఆలోచన ఎంత మంచిదైనా ఆ కాగితం లేకపోతే ఫారం మొదటి పేజీలోనే ఆగిపోతుంది. కౌన్సిల్ ఆఫీసులో అడిగితే చెప్తారు. లేదంటే ల్యాండ్ రిజిస్ట్రీలో చిన్న ఫీజు కట్టి చూసుకోవచ్చు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. డెఫ్రా, అంటే ఇక్కడి పర్యావరణ, వ్యవసాయ శాఖ, ఇచ్చే పెద్ద పథకాలు దాదాపు అన్నీ రైతులకు, భూమి ఉన్నవాళ్లకు. సస్టైనబుల్ ఫార్మింగ్ ఇన్సెంటివ్, కంట్రీసైడ్ స్టీవార్డ్‌షిప్, ల్యాండ్‌స్కేప్ రికవరీ, నేషనల్ పార్కుల్లో రైతులకిచ్చే ఫార్మింగ్ ఇన్ ప్రొటెక్టెడ్ ల్యాండ్‌స్కేప్స్, ఇవన్నీ ఆ కోవలోవే. ఫారెస్ట్రీ కమిషన్ వాళ్ల ఇంగ్లండ్ వుడ్‌ల్యాండ్ క్రియేషన్ ఆఫర్‌కు కనీసం 1 హెక్టారు అడవి వేయాలి. అందులోనూ ప్రభుత్వ పథకాల తలుపులు ఎప్పుడు మూసుకుంటాయో చెప్పలేం. 2025 మార్చి 11న సస్టైనబుల్ ఫార్మింగ్ ఇన్సెంటివ్‌కు కొత్త దరఖాస్తులు ఉన్నట్టుండి ఆపేశారు. అప్లై చేద్దామని కాగితాలు సిద్ధం చేసుకుంటున్న రైతులు ఉసూరుమన్నారు. కాబట్టి ఒక్క పథకాన్నే నమ్ముకుని ప్లాన్ వేసుకోకండి.

మీలాంటి చిన్న గుంపుకు అందేవి వేరే ఉన్నాయి. నేషనల్ లాటరీ డబ్బు పంచే ప్రజా సంస్థల్లో మీకు పనికొచ్చేవి రెండున్నాయి. కమ్యూనిటీ ఫండ్ వాళ్ల అవార్డ్స్ ఫర్ ఆల్ ఇంగ్లండ్‌లో 300 పౌండ్ల నుంచి 20,000 పౌండ్ల దాకా ఇస్తారు. హెరిటేజ్ ఫండ్‌లో 10,000 పౌండ్ల దగ్గర మొదలవుతుంది. ప్రకృతి కూడా వారసత్వమే అని దాని లెక్క. 2020లో ప్రభుత్వం పెట్టిన 80 మిలియన్ పౌండ్ల గ్రీన్ రికవరీ చాలెంజ్ ఫండ్‌ను పంచిందీ ఈ హెరిటేజ్ ఫండే. మొదటిసారి అడిగేవాళ్లకు నేను చెప్పేది అవార్డ్స్ ఫర్ ఆల్. ఫారం చిన్నది, భాష సులువు. ప్రభుత్వ గ్రాంట్లు ఏవి తెరిచి ఉన్నాయో చూడటానికి గవ్.యూకే సైట్‌లో ఫైండ్ ఎ గ్రాంట్ అనే పేజీ ఉంది. చూడటానికి పైసా కట్టక్కర్లేదు.

మీ వాగు గట్టున ఉన్నది హిమాలయన్ బాల్సమ్ అయ్యుంటుంది. కణుపు కణుపుకీ ఎర్రటి ఛాయ ఉన్న బోలు కాండం, ముట్టుకుంటే చటుక్కున పేలే కాయలు ఉంటే అదే. మన హిమాలయాల్లో వాగుల పక్కన పెరిగే మొక్క, పూల అందం చూసి 1839లో ఇక్కడికి తెచ్చారు. ఒక్కో మొక్క వందల గింజలు వేస్తుంది, కాయ పేలితే అవి 7 మీటర్ల దాకా ఎగురుతాయి, నీళ్లలో పడి కిందికి కొట్టుకుపోతాయి. దాని నీడలో ఇక్కడి మొక్కలు బతకవు. చలికాలంలో అది చచ్చిపోతే గట్టు బోసిగా మిగిలి మట్టి వాగులోకి జారిపోతుంది.

దాన్ని తీయడం మాత్రం తేలిక. వేరు పైపైనే ఉంటుంది కాబట్టి కింద పట్టుకుని లాగితే మొత్తం వచ్చేస్తుంది. అడుగు కణుపుకి పైన విరిగితే మళ్లీ చిగురిస్తుంది, అందుకని కిందే పట్టుకోవాలి. మే నుంచి జులై మధ్య, కాయ కట్టక ముందే తీయాలి. వాగుకి ఎగువ నుంచి మొదలుపెట్టి దిగువకు రావాలి, లేకపోతే పైనుంచి కొట్టుకొచ్చే గింజలు మీ శ్రమంతా నీళ్లపాలు చేస్తాయి. గింజలు మట్టిలో రెండేళ్ల దాకా బతికుంటాయి కాబట్టి వరసగా రెండు మూడు వేసవులు చేయాలి.

గ్రాంట్ ఫారం రాసేటప్పుడు ఇదే మీకు బలం. వాగును అందంగా చేస్తాం అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ అర్థం కాదు. ఫలానా వంతెన నుంచి ఫలానా వంతెన దాకా గట్టు, మొదటి ఏడాది ఇంత మేర తీస్తాం, రెండో ఏడాది మొలిచినవి తీస్తాం, ఖాళీ అయిన చోట నవంబరు నుంచి మార్చి లోపు ఇక్కడి జాతి మొక్కలు నాటుతాం, ఏటా అదే చోట నిలబడి ఫొటోలు తీస్తాం అని రాయండి. ఇక్కడ ప్రతి ప్రాంతానికీ ఒక లోకల్ నేచర్ రికవరీ స్ట్రాటజీ, అంటే ఎక్కడ ప్రకృతిని ఎలా బాగుచేయాలో చెప్పే ప్రణాళిక, ఉంటుంది. 2021 ఎన్విరాన్‌మెంట్ యాక్ట్ కింద ఇంగ్లండ్ మొత్తాన్నీ 48 ప్రాంతాలుగా విడదీసి వీటిని తయారుచేయమన్నారు. మీ ప్రాంతపు పత్రంలో, మ్యాప్‌లో మీ వాగు గురించి ఏముందో చూసి ఆ మాటను ఫారంలో ప్రస్తావించండి. దాని విలువ ఎంతో.

ఇంకో రెండు మాటలు. మార్చి నుంచి ఆగస్టు దాకా పక్షులు గూళ్లు కట్టే కాలం, అప్పుడు పొదలు నరకకండి. గుడ్లు, పిల్లలు ఉన్న గూడు కావాలని పాడుచేయడం 1981 వన్యప్రాణుల చట్టం ప్రకారం నేరం. గట్టు తవ్వాలంటే నదులు, వరదల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీని అడగండి. వాళ్లు మెయిన్ రివర్‌గా గుర్తించిన వాగైతే, దానికి 8 మీటర్ల లోపు తవ్వకాలకు పర్మిట్ కావాల్సి వస్తుంది. చేత్తో మొక్కలు పీకడానికి ఆ గొడవ లేదు.

లీడ్స్ నుంచి ఒక సభ్యుడు:

అక్క చెప్పినదానికి డబ్బు సంగతి కలుపుతాను. గ్రాంట్ ఆఫర్ లెటర్ రాకముందు పెట్టిన ఖర్చు సాధారణంగా ఇవ్వరు. ఉత్సాహంలో ముందే గ్లవ్స్, పారలు కొనేసి బిల్లులు దాచిపెట్టుకుంటే లాభం లేదు. కొన్ని పథకాల్లో మీరు ముందు ఖర్చు పెట్టి, బిల్లులు పంపాకే డబ్బు వస్తుంది. సంఘం ఖాతాలో ఏమీ లేకపోతే అక్కడే ఇరుక్కుపోతారు. డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో అప్లై చేసే ముందే చదవండి. ప్రభుత్వ డబ్బయితే మార్చి 31 లోపు ఖర్చు పెట్టాలనే షరతు తరచుగా ఉంటుంది, నాటే కాలం కూడా అప్పుడే అయిపోతుంది. జనవరిలో డబ్బు వస్తే ఊపిరి తీసుకోవడానికి కూడా టైం ఉండదు.

ఇది ఇంగ్లండ్ సంగతి మాత్రమే. స్కాట్లండ్, వేల్స్‌లో ఎవరి పథకాలు వాళ్లవి. స్కాట్లండ్‌లో నేచర్‌స్కాట్ నడిపే నేచర్ రెస్టొరేషన్ ఫండ్ ఉంది.

రెడింగ్ నుంచి కొత్త సభ్యుడు:

అక్కా, అన్నా, చాలా థ్యాంక్సండీ. వీసా సంగతి విని మా ఆవిడ కూడా ఊపిరి పీల్చుకుంది. మాకు రిజిస్టర్ అయిన సంఘం లేదు. కొత్తగా పెట్టాలా? ఒకాయన గ్రాంట్ వస్తే పదిహేను శాతం ఇమ్మని, ఫారం అంతా తానే రాస్తానంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

ఆక్స్‌ఫర్డ్ నుంచి పాత సభ్యురాలు:

ఒప్పుకోకండి. వచ్చిన గ్రాంట్‌లోంచి వాటా ఇవ్వడానికి నిధులిచ్చేవాళ్లు చాలామంది ఒప్పుకోరు, అంటే ఆ డబ్బు మీ జేబులోంచే పోతుంది. మీ వాగు గురించి మీకంటే బాగా ఆయన రాయలేడు కూడా.

సంఘం పెట్టాలంటే చిన్నదే చాలు. లక్ష్యం ఏమిటి, కమిటీలో ఎవరు, మూసేస్తే మిగిలిన డబ్బు ఎవరికి వెళ్తుంది, ఇవి రాసిన నియమావళి ఒకటి, సంఘం పేరు మీద బ్యాంకు ఖాతా, చెక్కు మీద ఇద్దరి సంతకాలు. మన సంఘాలు ఇక్కడే తట్టుకుని పడతాయి. భార్య అధ్యక్షురాలు, భర్త కోశాధికారి అయితే కుదరదు. బంధుత్వం లేని, ఒకే ఇంట్లో ఉండనివాళ్లు కనీసం ఇద్దరు కమిటీలో ఉండాలని అడుగుతారు. పిల్లల్ని తీసుకొస్తారు కాబట్టి పిల్లల భద్రత నియమాలు రాసిన సేఫ్‌గార్డింగ్ పాలసీ, పనిలో ఎవరికైనా దెబ్బ తగిలితే ఆదుకునే పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ కూడా కావాలి.

కానీ నన్నడిగితే, ఈ ఏడాది సంఘం పెట్టకండి. మీ నది పరీవాహక ప్రాంతానికి ఒక క్యాచ్‌మెంట్ పార్ట్‌నర్‌షిప్, అంటే ఆ నీళ్ల బాగోగులు చూసే సంస్థల కూటమి, ఉంటుంది, బెర్క్‌షర్, బకింగ్‌హమ్‌షర్, ఆక్స్‌ఫర్డ్‌షర్ మూడింటికీ కలిపి ఒక వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఉంది. వాళ్లకు నేలతో, కౌన్సిల్‌తో సంబంధాలున్నాయి, ఇన్సూరెన్స్ ఉంది, గ్రాంట్ తెచ్చుకున్న అనుభవం ఉంది. వాళ్లకు లేనిది మనుషులు. వారం వారం వచ్చే పది జతల చేతులు దొరికితే ఏ ట్రస్టయినా సంతోషిస్తుంది. మీ వాగు పేరు పెట్టి, ఫొటోలతో వాళ్లకు ఒక ఈమెయిల్ రాయండి. వాళ్లు దరఖాస్తు పెడితే మీరు భాగస్వాములుగా ఉండండి. హెరిటేజ్ ఫండ్ లాంటి చోట మీ వాలంటీర్ గంటలకు విలువ కట్టి మీ తరఫు వాటాగా చూపించుకోవచ్చు కూడా.

ఇప్పుడు పూలు వచ్చేశాయంటున్నారు. కాయలు పేలే దశకు వస్తే ఈ ఏడాది ముట్టుకోకండి, గింజలు మీ బూట్ల మీద ఇంకో చోటికి చేరతాయి. ఈలోపు మొక్క ఎక్కడిదాకా పాకిందో వాగు వెంట నడిచి మ్యాప్ మీద గుర్తులు పెట్టండి, అన్ని చోట్లా ఫొటోలు తీయండి. నేల ఎవరిదో తెలిశాక ఇక్కడే రాయండి, అనుమతి అడిగే ఉత్తరం నమూనా నేను పంపిస్తాను.