బైబిల్లో ‘సమాధానం’ అంటే జవాబా, శాంతా?

గ్రూపు పెద్దలకు వందనాలు. ఉండేది బోడుప్పల్, సొంతూరు ఒంగోలు పక్కన. సందేహం భాషదే గానీ అందులో కొంచెం ఇంటిగొడవ కూడా కలిసింది. ఓపిక పట్టండి.

మొన్న కుటుంబ ప్రార్థనలో వాక్యం చదివే వంతు మా పాపది. ఏడో తరగతి. యెషయా 9:6 చదువుతూ “సమాధానకర్తయగు అధిపతి” దగ్గర ఆగిపోయింది. “అమ్మా, సమాధానకర్త అంటే జవాబులు చెప్పేవాడా?” అంది. దాని తప్పేం లేదు. బళ్లో ఆ మాట కనపడేది “కింది ప్రశ్నలకు సమాధానాలు రాయండి” అన్నచోటే కదా. “కాదమ్మా, శాంతి అని అర్థం” అన్నాను. “మరి శాంతి అనే రాయొచ్చుగా?” అంది. మా ఆయన ఆమేన్ అనేసి కంచం ముందుకు వెళ్లిపోయాడు. నేను మాత్రం అక్కడే చిక్కుకున్నాను.

రాత్రి కూర్చుని వెతికాను. మన పాత అనువాదంలో ఎక్కడ చూసినా సమాధానమే. “సమాధానపరచువారు ధన్యులు” (మత్తయి 5:9). “సమస్త జ్ఞానమునకు మించిన దేవుని సమాధానము” (ఫిలిప్పీ 4:7). యోహాను 14:27కి వస్తే మాత్రం “శాంతి మీ కనుగ్రహించి వెళ్లుచున్నాను” అని ఉంది. 1 పేతురు 3:15లో, మీ నిరీక్షణకు హేతువు అడిగేవాళ్లకి “సమాధానము చెప్పుటకు” సిద్ధంగా ఉండమన్నాడు. అక్కడ అది అచ్చంగా జవాబే. ఒకే పుస్తకంలో ఒకే మాటకి రెండు అర్థాలు ఎలా కుదిరాయి?

ఇక ఇంటిగొడవ. మా వంటింటి సీలింగుకి ఆర్నెల్లుగా చెమ్మ. పెచ్చులు ఊడి ఒకసారి పప్పుగిన్నెలో పడ్డాయి. పైన ఉండేది కేరళ వాళ్లు. ఒకసారి చెప్పాం, రెండుసార్లు చెప్పాం, తర్వాత ఉండబట్టలేక అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫొటో పెట్టి “దీనికి సమాధానం ఎవరు చెప్తారు?” అని రాశాను. అప్పట్నుంచి మాటల్లేవు. పోయిన నెల లిఫ్టులో ఆవిడ ఫోన్లో ఎవరితోనో “ఒరు సమాధానవుం ఇల్ల” అంటోంది, నా మొహం చూస్తూనే. మలయాళం రాకపోతేనేం, ఆ మాట అర్థం కాదా? “మీకు ఒక్క సమాధానమూ లేదు, పొండి” అన్నట్టే కదా. ఒళ్లు మండింది.

ఆ ఆదివారమే మందిరంలో అయ్యగారు రోమా 12:18 ఎత్తారు. “శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు సమస్త మనుష్యులతో సమాధానముగా ఉండుడి.” సమస్త మనుష్యుల్లో మూడో అంతస్తు వాళ్లు కూడా వస్తారా అని కూర్చున్నచోటే లెక్కలు వేసుకున్నాను. “శక్యమైతే” అన్నాడు, “చేతనైనంత మట్టుకు” అన్నాడు, నాకు కావలసినంత వెసులుబాటు దొరికినట్టే అనిపించింది. అసలు ఈ సమాధానం అంటే ఏమిటో ముందు తేలితే, ఉండటమా మానటమా అన్నది తర్వాత చూసుకుంటాను.

—

రిటైర్డ్ తెలుగు మాస్టారు, సైనిక్‌పురి:
అమ్మా, మీ పాపకి నా తరఫున నూటికి నూరు. సమ్ + ఆ + ధా. ‘ధా’ అంటే ఉంచడం. చెదిరిపోయినవాటిని తెచ్చి ఒకచోట సరిగ్గా కూర్చి పెట్టడం సమాధానం. సమాధి కూడా ఈ ధాతువుదే. యోగి సమాధి, మీ వాళ్లు పువ్వులు పెట్టి వచ్చే సమాధి, రెండూ ఈ మాటకు చుట్టాలే.

జవాబు అన్న అర్థం శాస్త్రచర్చల్లోంచి వచ్చింది. వ్యాఖ్యానానికి ఐదు లక్షణాలు చెబుతారు: పదచ్ఛేదం (మాటలు విడదీయడం), పదార్థోక్తి (అర్థం చెప్పడం), విగ్రహం (సమాసం విప్పడం), వాక్యయోజన (వాక్యం కూర్చడం), ఆఖరుది ఆక్షేప సమాధానం. ఎవడో ఆక్షేపించాడు, అర్థం చెదిరింది, దాన్ని మళ్లీ కుదుట పెట్టాలి. అందుకని ప్రతి జవాబూ సమాధానం కాదు. “నీకెందుకు?” అనడం జవాబే, సమాధానం కాదు.

తెలుగులో పాత అర్థం చచ్చిపోలేదు కూడా. “మనసు సమాధానపడలేదు” అంటాం. “ఇద్దర్నీ కూర్చోబెట్టి సమాధానపరిచాం” అంటాం. పరీక్ష పేపర్ల ధాటికి ఆ వాడుక మూల పడింది, అంతే. హిందీలో సమాధాన్ అంటే పరిష్కారం, మరాఠీలో తృప్తి, కన్నడంలో ఊరడింపు. తలో ముక్క పట్టుకున్నారు.

—

విద్యానగర్ నుంచి:
వేదాంతంలోనూ ఉంది. శమం, దమం, ఉపరతి, తితిక్ష, శ్రద్ధ, సమాధానం. సాధకుడికి ఉండాల్సిన ఆరు గుణాల్లో, అంటే శమాది షట్కంలో, ఆరోది. చిత్తం ఒకచోట నిలవడం. దీనికి ఎదుటివాడితో పనిలేదు.

—

అసలు పోస్టు పెట్టినావిడ:
ఎదుటివాడితో పనిలేని సమాధానమైతే నాకు బోలెడుంది సార్. తలుపేసుకుంటే చాలు.

—

సిద్దిపేట నుంచి వచ్చి కూకట్‌పల్లిలో ఉంటున్న తమ్ముడు:
అక్కా, మా దిక్కు దానికి మస్తు మాట ఉన్నది: నిమ్మళం. “నిమ్మళంగ కూసో” అంటది మా అమ్మ. మనిషి ఒక్కడే ఉన్నా నిమ్మళంగ ఉండొచ్చు. సమాధానం గట్ల కాదు, దానికి ఇద్దరు కావాలె. నువ్వు శాంతిని, సమాధానాన్ని ఒక్కతీరుగ చూస్తున్నవ్.

—

మలక్‌పేట భాయ్:
శాంతి అనే అర్థమున్న హీబ్రూ షాలోమ్, అరబ్బీ సలాం ఒకే కుదురు మాటలని అందరికీ తెలుసు. హైదరాబాదులో పెరిగినవాళ్లకి తెలిసిన ఇంకో సంగతి చెప్తాను. మా ఇళ్లలో చిన్నప్పుడు అందరికంటే ఎక్కువ తిట్లు తినేది దేనికో తెలుసా? “సలాం కా జవాబ్ బీ నై దియా!” సలాం చెప్పడం సున్నత్ (ప్రవక్త చూపిన మంచి ఆచారం), దానికి జవాబివ్వడం వాజిబ్ (తప్పనిసరి) అని పెద్దలు నేర్పుతారు. అంటే ఒకడు శాంతి పంపాడు, నువ్వు జవాబు ఇవ్వకపోతే అది సగంలో వేలాడుతూ ఉంటుంది. మీ తెలుగు బైబిలు ఆ రెండింటినీ ఒక్క మాటలో పెట్టేసిందంటే నాకు ముచ్చటగా ఉంది.

—

అసలు పోస్టు పెట్టినావిడ:
భాయ్, ఇది చదవగానే లూకా 10 తీశాను. ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు “ఈ యింటికి సమాధానమగు గాక” అనమంటాడు ప్రభువు. సమాధాన పాత్రుడు అక్కడ ఉంటే అది అతని మీద నిలుస్తుంది, లేకపోతే “అది మీకు తిరిగివచ్చును”. ఇన్నేళ్లుగా చదువుతున్నాను, ఎవరూ తీసుకోకపోతే వెనక్కి నడిచొచ్చే వస్తువులా దాన్ని ఎప్పుడూ ఊహించుకోలేదు.

మా సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) ఆరాధనలో ప్రభు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి ముందు సమాధానం పంచుకోవడం ఉంది కదా. అయ్యగారి దగ్గర మొదలై చేతులోంచి చేతిలోకి వెనక బెంచీ దాకా వస్తుంది. నేనెప్పుడూ పక్కావిడ చేతులు తాకి, కళ్లు కిందికి దించుకుని, ముందుకి పంపించేస్తాను.

—

హీబ్రూ, గ్రీకు నేర్చుకుంటున్న విద్యార్థి, సికింద్రాబాద్:
సిస్టర్, పాత అనువాదకులు షాలోమ్‌ని ఒకే మాటతో కట్టేయలేదు. ఆదికాండం 43లో యోసేపు అన్నల్ని “మీ తండ్రి క్షేమముగా ఉన్నాడా?” అని అడిగేచోట మూలంలో ఉన్నది షాలోమే. యిర్మీయా 29:7లో చెరపట్టి తీసుకెళ్లిన పట్టణం ‘క్షేమము’ కోరి ప్రార్థన చేయండి, దాని క్షేమమే మీ క్షేమానికి కారణం అంటాడు. అదీ షాలోమే. ఒంగోలు నుంచీ సిద్దిపేట నుంచీ బతుకుతెరువుకి ఇక్కడికొచ్చిన మనలాంటివాళ్లం ఆ వచనాన్ని హైదరాబాదుకి పెట్టి చదువుకోవచ్చు. మంజీరా నీళ్లకి, మెట్రోకి, పక్క ఫ్లాటుకి కూడా.

ఇంకోటి, సమాధానబలి. లేవీయకాండంలో కృతజ్ఞత కోసం అర్పించే సమాధానబలి మాంసాన్ని ఆ రోజే తినేయాలి, తెల్లారేదాకా మిగల్చకూడదు (7:15). ఒక పశువుని ఒక ఇల్లు ఒక్కరోజులో తినలేదు కదా. నలుగుర్నీ పిలవక తప్పదు. మన కృతజ్ఞత కూడికల్లో బిరియాని పెట్టడం చూస్తే నాకు అదే గుర్తొస్తుంది. ఇది నా ఊహ, పుస్తకంలో లేదు.

మీరు అడిగిన ‘రెండర్థాలు’ గ్రీకులో వేర్వేరు మాటలే. ఫిలిప్పీలో ఐరేనే (శాంతి), పేతురులో అపొలొగియా (జవాబు). మత్తయి 5:24లో “మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము” అన్నచోట రాజీపడటం అనే అర్థమున్న మూడో మాట. మూడింటినీ తెచ్చి ఒక్క గూటిలో పెట్టింది తెలుగే.

—

పాత పుస్తకాలు సేకరించే ఒకాయన, నారాయణగూడ:
ఇక్కడ తమిళ ప్రభావం ఉందా అని నా అనుమానం. తమిళనాడులోని తరంగంబాడిలో జర్మన్ మిషనరీ జీగెన్‌బాల్గ్ తమిళ కొత్త నిబంధన 1715కే అచ్చయింది. తెలుగులో సువార్తలు అచ్చులో కనపడింది 1812లో, విశాఖపట్నం మిషన్ వాళ్ల అనువాదం, అచ్చు బెంగాల్లోని సేరంపూర్‌లో. అందులో సాయపడిన ఆనందరాయర్ అరవదేశం నుంచి వచ్చినవాడు. తమిళంలో నేటికీ సమాదానం అంటే శాంతే.

—

రిటైర్డ్ తెలుగు మాస్టారు, సైనిక్‌పురి:
అనుమానం మంచిదే గానీ అవసరం లేదు. ‘సమాధానపడు’ తెలుగులో ఎవరూ అరువు తేవక్కర్లేదు. రచ్చబండ తీర్పుల్లో నలిగిన మాట అది. చుట్టుపక్కల భాషల్లోనూ ఉండటం వాళ్లకి ధైర్యం ఇచ్చి ఉండొచ్చు, అంతవరకు ఒప్పుకుంటాను.

మాటలో మాట, ‘రాజీనామా’ కూడా ఇలాంటిదే. అసలు అర్థం రాజీ పత్రం, తగువు తీరిందని రాసుకున్న కాగితం. ఇప్పుడు ఉద్యోగం వదిలి పోవడమైంది. కలిసే మాట విడిపోయే మాటైంది. ‘సమాధానం’ అంతదూరం పోలేదు, సంతోషించండి.

—

ఉప్పల్ నుంచి ఒక నర్సు:
అక్కా, అందరూ వ్యుత్పత్తులు చెప్తున్నారు, అసలు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మా వార్డులో సగం మంది కేరళ సిస్టర్లే, పదకొండేళ్లుగా వాళ్లతో నైట్ డ్యూటీలు చేస్తున్నాను. “ఒరు సమాధానవుం ఇల్ల” అంటే “జవాబు లేదు” కాదు. “మనశ్శాంతి లేకుండా పోయింది” అని. మలయాళంలో సమాధానం అంటే ముఖ్యంగా శాంతే. మీరు చెప్పిన యోహాను 14:27లో కూడా వాళ్ల బైబిల్లో సమాధానమనే ఉంటుంది. ఆవిడ మిమ్మల్ని ఏమీ అనలేదు. తన బాధ తను చెప్పుకుంది.

—

అసలు పోస్టు పెట్టినావిడ:
చదివాను. ఏం రాయాలో తెలియడం లేదు. రేపు మాట్లాడతాను.

—

అసలు పోస్టు పెట్టినావిడ (మూడు రోజుల తర్వాత):
పైకి వెళ్లొచ్చాను. ఇంత తేలిగ్గా రాశాను గానీ రెండుసార్లు మెట్లెక్కి దిగిపోయాను. మూడోసారి పాపని తోడు తీసుకెళ్లాను. గులాబ్‌జామ్ గిన్నె కూడా. ఖాళీ చేతులతో పోతే మళ్లీ చెమ్మ గొడవకే వచ్చాననుకుంటారని.

ఆవిడ వాళ్లమ్మకి తుంటి ఆపరేషన్ అయిందట. రాత్రంతా మూలుగుతూనే ఉంటుంది, ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. లిఫ్టులో ఆరోజు తమ్ముడితో చెప్పుకుంటోంది ఆ మాటే. నా మొహం చూస్తూ అన్నదని రాశాను కదా, అద్దంలో తన మొహం చూసుకుందో నన్ను చూసిందో ఇప్పుడు నాకే నమ్మకం లేదు.

నేను క్షమాపణ చెప్పుకున్నాను, సగం తెలుగు, సగం హిందీ. గ్రూపులో ఫొటో పెట్టినందుకు మాత్రం చెప్పాను. చెమ్మ గురించి చెప్పలేదు, అది నిజమే కాబట్టి. ఆవిడే ఎత్తింది. ప్లంబర్‌ని పిలిచారట, నాని ట్రాప్ (బాత్రూము నేలలో నీళ్లు పోయే అమరిక) పగలగొట్టి మార్చాలన్నాడట, ముసలావిడకి ఉన్నది ఆ ఒక్క బాత్రూమే కావడంతో వాయిదా వేస్తున్నారు. పని జరిగే రెండు రోజులూ ఆవిడని మా ఇంట్లో ఉంచమన్నాను. లిఫ్టు ఉంది, మా బాత్రూములో కమోడ్ ఉంది. మా ఆయన్ని అడగకుండానే అనేశాను. ఇంటికొచ్చాక అది వేరే చర్చ అయింది.

పాప ఊరుకుంటుందా. “ఆంటీ, మీరు సమాధానం అంటే శాంతి అంటారు కదా, మరి ఆన్సర్‌ని ఏమంటారు?” అని అడిగింది. “ఉత్తరం” అందావిడ. “మరి పోస్టులో వచ్చేదాన్ని?” “కత్తు.” వచ్చే దారిలో మెట్ల మీదే మొదలుపెట్టింది, ఉత్తరం మనకి లెటరూ వాళ్లకి ఆన్సరూ ఎలా అయింది, మన ఇంటి ఉత్తరం దిక్కుకీ దానికీ సంబంధం ఏమిటి అని. మాస్టారూ, మీరు ఖాళీగా ఉన్నప్పుడు చెప్పండి, దీనికి వేరే పోస్టు పెడతాను.