అప్‌డేట్: మండపేట బావి మోడల్‌లో మెచ్యూరిటీ తక్కువ రావడానికి కారణం దొరికింది

కృష్ణా-గోదావరి బేసిన్‌లో మండపేట వైపు ఒక బావికి, అక్కడి రాళ్లు కాలక్రమంలో ఎంత వేడెక్కాయో లెక్కగట్టే మోడల్ చేస్తుంటే, కొమ్ముగూడెం అనే పెర్మియన్ కాలపు బొగ్గు-షేల్ పొరల విట్రినైట్ రిఫ్లెక్టెన్స్ (రాయి వేడికి ఎంత మాగిందో, అంటే మెచ్యూరిటీని, చూపే కొలత) ల్యాబ్ కొలతల కన్నా బాగా తక్కువ వస్తోందని ఇక్కడ అడిగాను. సమస్య తీరింది, జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

బావి అడుగు ఉష్ణోగ్రతలు సరిచేయమన్న సలహాతో సగం పని అయింది. డ్రిల్లింగ్ మడ్ (తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురద ద్రవం) తిరుగుతున్నంతసేపూ చుట్టూ ఉన్న రాయి చల్లబడుతుంది. మడ్ ఆపిన కొద్ది గంటలకే తీసిన రీడింగ్‌లో అసలు వేడి కనిపించదు. లాగ్ హెడర్లలో (బావి కొలతల రికార్డుల మొదటి భాగంలో) ఒకే లోతుకు వరుసగా తీసిన రీడింగులు ఉన్నాయి, ప్రతిదీ ముందుదాని కన్నా వేడిగా. వాటి నుంచి రాయి అసలు వేడిని అంచనా వేసే హార్నర్ కరెక్షన్ వేస్తే గ్రేడియంట్ (లోతుతో పాటు వేడి పెరిగే రేటు) పెరిగింది.

మిగతాది మా గైడ్ మేడమ్ పట్టుకున్నారు. రాయి మాగడానికి ఇవాళ్టి వేడి ఒక్కటే లెక్క కాదు, పూడినప్పటి నుంచీ చూసిన వేడంతా లెక్కే. జురాసిక్ చివర, క్రెటేషియస్ మొదట్లో ఇక్కడ భూపటలం సాగి చీలింది, అప్పుడు కింది నుంచి వచ్చే వేడి ఎక్కువ. ఆ కాలానికి మోడల్‌లో హీట్ ఫ్లో (ఆ కింది నుంచి వచ్చే వేడి) పెంచి, తర్వాత మెల్లగా తగ్గిస్తే కర్వ్ కొలతల మీదుగా వెళ్లింది. కొమ్ముగూడెం రిఫ్లెక్టెన్స్ ఇప్పుడు 1.3 శాతం దాటి, గ్యాస్ పుట్టే దశలోకి వస్తోంది. మండపేటలో దొరికేదీ గ్యాసే కాబట్టి నాకు నమ్మకం కుదిరింది.

రాజోలు లావా వేడి కారణమా అన్న అనుమానానికి వస్తే, దానికి దీనితో సంబంధం లేదు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట పైన పరుచుకున్న బసాల్ట్ తన కింద కొద్ది మేరే వేడి చేస్తుంది, పెర్మియన్ పొరలు చాలా దిగువన ఉన్నాయి. కైనెటిక్స్ (వేడికి రాయి ఎంత వేగంగా మాగుతుందన్న లెక్క) మార్చినా ఫలితం పెద్దగా కదల్లేదు.