ముంబైలో విమానం మారాలి, మధ్యలో 4 గంటలే ఉంది, సరిపోతుందా?

లక్ష్మి, జగిత్యాల:
మా తమ్ముడు వచ్చే నెల పనికి మస్కట్ వెళ్తున్నాడు, విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. ఏజెంట్ రెండు టికెట్లు విడివిడిగా తీశాడు, హైదరాబాద్ నుంచి ముంబైకి ఒకటి, అక్కడి నుంచి మస్కట్‌కి ఇంకొకటి. ఉదయం 11.30కి దిగుతాడు, రెండోది మధ్యాహ్నం 3.30కి. నాలుగు గంటలు చాలు అని ఏజెంట్ అంటున్నాడు కానీ నాకు టెన్షన్‌గా ఉంది. ముంబైలో ఇప్పుడు రెండు ఎయిర్‌పోర్టులట కదా?

శ్రీనివాస్, వాశీ:
అక్కా, టికెట్‌లో ఊరి పేరు కాదు, పక్కన మూడక్షరాల కోడ్ చూడండి. బీఓఎం అంటే అంధేరి వైపు ఉన్న పాతది. ఎన్ఎంఐ అంటే పన్వేల్ దగ్గర ఉల్వేలో కట్టిన కొత్తది, 2025 డిసెంబర్ 25 నుంచి నడుస్తోంది.

లక్ష్మి:
మొదటిదాంట్లో ఎన్ఎంఐ, రెండోదాంట్లో బీఓఎం, టీ2 (రెండో టెర్మినల్) అని ఉంది. చూడగానే కాళ్లు చేతులు ఆడలేదు.

శ్రీనివాస్:
మంచిదే, ముందే తెలిసింది. ఈ టికెట్లతో మాత్రం పంపకండి. రెండిటికీ పీఎన్ఆర్, అంటే బుకింగ్ నంబర్, వేరు కాబట్టి బ్యాగు నేరుగా మస్కట్ పోదు, తనే తీసుకోవాలి. బెల్ట్ దగ్గర బ్యాగు చేతికొచ్చేసరికి 12.15, టాక్సీ ఎక్కేసరికి 12.30. అక్కడి నుంచి వాశీ వంతెన, మాన్‌ఖుర్ద్, చెంబూర్ మీదుగా దాదాపు 40 కిలోమీటర్లు, నేను రోజూ తిరిగే దారే, ట్రాఫిక్ ఉంటే రెండు గంటలు. అంటే 2.30. విదేశీ విమానాల చెకిన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు, అదీ 2.30కే. విమానం తప్పితే రెండో టికెట్ డబ్బులకు ఎవరూ పూచీ పడరు.

రమణ, నిజామాబాద్:
ఒక ఊరికి రెండు ఎయిర్‌పోర్టులు పెట్టి జనాన్ని ఇలా తిప్పడం ఎందుకు? పాతదాన్నే పెంచొచ్చు కదా.

శ్రీనివాస్:
పెంచే జాగా లేదు అన్నా. పాతదానికి రన్‌వేలు రెండున్నా ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయి, అందుకే ఒకేసారి రెండిటి మీదా నడపలేరు. ఉన్నది దాదాపు ఒక్కటే అనుకోండి. దాని మీదే 2018 డిసెంబర్ 8న ఒక్కరోజులో 1,007 రాకపోకలు నడిపారు, ఏటా 5 కోట్ల మందికి పైగా అక్కడి నుంచే వెళ్తున్నారు. పక్కనున్న జరీమరీ బస్తీ వైపు ప్రహరీ గోడకు ఆనుకునే ఇళ్లున్నాయి. టెర్మినల్ ఎంత పెద్దది కట్టినా విమానం దిగడానికి రన్‌వే ఖాళీ ఉండాలి కదా, అందుకే గాల్లో చక్కర్లు. కొత్తదాన్ని మొదటి దశలో ఏడాదికి 2 కోట్ల మంది కోసం కట్టారు, పూర్తయితే 9 కోట్లు, రన్‌వేలు కూడా పక్కపక్కనే, సమాంతరంగా. కాబట్టి అది కావాల్సిందే.

కానీ నాకు నిజంగా బాధ కలిగేది ఇంకోటి. గల్ఫ్‌కి వెళ్లే మన పిల్లలకు హిందీ అంతంతమాత్రం, 30 కేజీల బ్యాగు, చేతిలో ప్లాస్టిక్ కవర్లో కాగితాలు. వాళ్లకు ఏ ఎయిర్‌పోర్టో టికెట్ మీద పెద్ద అక్షరాల్లో రాయాలి, రెండిటి మధ్యా బ్యాగులతో సహా తీసుకెళ్లే బస్సు విమానాల వేళలకు తగ్గట్టు తిరగాలి. రెండు టికెట్లు కలిపి అమ్మేటప్పుడు ఎయిర్‌పోర్ట్ మారుతుందని చెప్పడం తప్పనిసరి చేయాలి. సీట్ల లెక్క పెంచినంత శ్రద్ధ దీనిమీదా పెట్టాలని నా కోరిక.

లక్ష్మి:
ఏజెంట్‌తో గట్టిగా మాట్లాడాను తమ్ముడూ. శంషాబాద్ నుంచే నేరుగా మస్కట్‌కి మార్చాడు, 2,400 ఎక్కువైంది.

శ్రీనివాస్:
చాలా మంచి పని చేశారు. ఇంకోటి, పాస్‌పోర్ట్ చివరి పేజీలో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే పనికి విదేశం వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాలని) ఉందేమో చూడండి. ఉంటే ఒమన్‌కి పని వీసా మీద వెళ్లడానికి ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా ఇచ్చే ఆ క్లియరెన్స్ ఉండాలి. ఆ కాగితం ప్రింట్ తీసి బ్యాగులో కాదు, జేబులో పెట్టుకోమనండి, ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గర అడుగుతారు.