ముఖం నాది, తీర్మానం అసోసియేషన్‌ది: కాదనొచ్చా?

బెంగళూరు మారతహళ్లిలో అద్దెకుంటున్నాం. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ముఖాన్ని గుర్తుపట్టే కెమెరా పెట్టారు. నేను ఫొటో ఇవ్వనంటే, "మీటింగులో అందరూ ఒప్పుకున్నారు, మీ ఒక్కరికే ఏంటండీ ఇబ్బంది?" అంటున్నారు సెక్రటరీగారు. అద్దెవాళ్లకి ఓటే లేదు, అది వేరే సంగతి. మా ఇంట్లో పనిచేసే అక్కని మాత్రం అడగనైనా అడగలేదు. కొంగు సర్దుకోమని మూడుసార్లు ఫొటో తీశారంతే.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లోనే సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. 2023 డేటా రక్షణ చట్టంలో సమ్మతి స్వేచ్ఛగా ఇవ్వాలని, ఇచ్చాక వెనక్కి తీసుకోవచ్చని ఉంది. మరి మెజారిటీ తీర్మానం నా సమ్మతి కింద లెక్కవుతుందా? కార్డో, రిజిస్టరులో సంతకమో చాలని అడగొచ్చా? ఇలా లెటర్ రాసినవాళ్లుంటే ఏం రాశారో కాస్త చెప్పండి. అక్క ఫొటో కూడా వాళ్ల దగ్గర్నుంచి చెరిపించేయాలి.