చిత్రనళీయం మళ్ళీ ఆడితే పద్యాలకు ట్రాకా, హార్మోనియమా?

గాంధీనగర్_నాటకం:
ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి చిత్రనళీయాన్ని విజయవాడలో ఎక్కించాలని ఒక సమాజం అనుకుంటోంది. నలదమయంతుల కథ, నిడివి గంటన్నర, వేదిక తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం. పద్యాలూ పాటలూ ముందే స్టూడియోలో రికార్డు చేయిస్తారట, నటులు పెదవులు కలుపుతారట. నాయికానాయకులిద్దరికీ అభినయం ఉంది కానీ పాట అంతంతమాత్రం అన్నది వాళ్ళు చెప్పే కారణం. ఇది సబబేనా?

నాలుగో_శ్రుతి:
కాదు. పాటకు తాళం ఉంటుంది, ట్రాకు పెట్టినా ఎలాగో నడుస్తుంది. పద్యానికి తాళం లేదు, తబలా ఆగిపోతుంది, నటుడి వెనకే హార్మోనియం నడుస్తుంది. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, నాలుగు పాదాలకు ఎనభై. ఊరికే చదివితే అర నిమిషం కూడా పట్టదు. రాగం తీస్తూ పాడితే రెండు నిమిషాలు దాటుతుంది. ఆ మిగతా నిమిషంన్నర ఎక్కడ సాగాలో ఆ రోజు హాలు చెబుతుంది. మూడో పాదం దగ్గర చప్పట్లు పడితే నటుడు ఆగి, నాలుగో పాదం ఎత్తుకుంటాడు. ట్రాకు ఆగదు కదా, చప్పట్ల కింద నాలుగో పాదం కొట్టుకుపోతుంది. ఇక వన్స్ మోర్ అన్నారనుకోండి, కంప్యూటర్ దగ్గర కుర్రాడు మౌస్ వెతుక్కుంటుంటే నలుడు చెయ్యి చాచి అలాగే నిలబడాలి!

సౌండ్_బాక్సు:
పెదవులు కలపడం నాకూ నచ్చదు. అయితే లైవ్ అన్నంత మాత్రాన వినబడుతుందని అనుకోవద్దు. మన దగ్గర మామూలుగా ముందు వరసలో మూడు స్టాండు మైకులు పెడతారు. పద్యం వచ్చేసరికి పాత్రలన్నీ నడి మైకు దగ్గరికి నడిచొచ్చి వరసగా నిలబడతాయి, దృశ్యం కాస్తా ముగుస్తుంది. మైకుకు నోరు రెట్టింపు దూరమైతే ఆరు డెసిబెల్స్ పోతాయి. గెయిన్ (మైకు శబ్దం అందుకునే మోతాదు) పెంచితే కుయ్యిమంటుంది. కాలర్ మైకులు ఎనిమిది ఒకేసారి తెరిచి ఉంచినా అదే గొడవ, తెరిచిన మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ మూడు డెసిబెల్స్ వదులుకోవాలి. మాట్లాడని పాత్ర మైకు మూసేయాలి, అందుకు స్క్రిప్టు చేతిలో పెట్టుకుని కూచునే మనిషి కావాలి. పౌరాణికంలో మైకును ఛాతీ మీద పెడితే హారాలు గలగలలాడి చంపుతాయి. కిరీటం అంచు కింద, విగ్గులోంచి నుదుటి దగ్గరికి తీసి, చెమటకు ఊడని టేపు వేయాలి. గెయిన్ సర్దాల్సింది మాటకు కాదు, తారస్థాయి పద్యానికి. లేకపోతే మొదటి పద్యానికే గొంతు చిట్లినట్టు వినిపిస్తుంది.

పాత_పుస్తకం:
ఇద్దరూ అసలు చిక్కు వదిలేశారు. ఆ కాలం అచ్చు నాటకాల్లో పాట నెత్తిన రాగం, తాళం ఉంటాయి, లేదంటే "ఫలానా పాట వరుస" అని ఉంటుంది. స్వరలిపి ఉండదు. ధార్వాడ, పార్సీ నాటక కంపెనీలు తెచ్చిన వరుసలవి, ఆ వరుసలు పాడినవాళ్ళు పోయారు. కాబట్టి ఎవరు కట్టినా కొత్త బాణీయే. "అసలు సంగీతం" అని పోస్టరు మీద వేయకండి, "అచ్చులో ఉన్న రాగతాళాలతో కొత్త బాణీలు" అని వేయండి. హక్కుల భయం అక్కర్లేదు. ఆచార్యుల వారు 1912లో పోయారు, ఇప్పటి అరవై ఏళ్ళ గడువు లెక్కన చూసినా 1972తోనే తీరింది. ఈమధ్య ఎవరైనా కుదించిన ప్రతి వాడితే మాత్రం వాళ్ళని అడగాలి.

గంటన్నరకు దించేటప్పుడు కత్తెర రాగాలాపన మీద పెట్టండి, పద్యం మీద కాదు. వర్ణన పద్యాలు పూర్తిగా తీసేయవచ్చు. కానీ సీసం ఉంచి కింది తేటగీతి తీసేస్తున్నారు కొందరు. సీసానికి కింద గీతపద్యం లేకపోతే అన్వయం గాలిలో వేలాడుతుంది, తెలిసినవాడికి తల కొట్టేసినట్టుంటుంది.

తెనాలి_కుర్రాడు:
పాడలేనివాళ్ళకి నలుడి వేషం ఎందుకండీ? పాడేవాళ్ళు మన గుంటూరు, తెనాలి వైపు కరువయ్యారా?

గాంధీనగర్_నాటకం:
డబ్బు పెడుతున్నది వాళ్ళేనండీ. మధ్యేమార్గం చెప్పండి.

నాలుగో_శ్రుతి:
హార్మోనియం పక్కన ఇద్దరు గాయకులను కూచోబెట్టండి. పద్యం వాళ్ళు పాడతారు, నటుడు అభినయిస్తాడు. కూచిపూడిలో తాళం వేస్తూ ఆట నడిపే నట్టువాంగం పక్కన కూచుని పాడటం మనకు తెలిసిందే. ఇందులో దాపరికం ఉండకూడదు, గాయకులు జనానికి కనబడాలి. హార్మోనియం వింగులో (వేదిక పక్క చాటున) పెడితే గాయకుడికి నటుడి వీపే కనిపిస్తుంది, ఎత్తుగడ తప్పుతుంది. వేదిక ముందు ఒక పక్క, నటుడి ముఖం కనిపించేచోట కూచోవాలి.

శ్రుతి సంగతి ముందే తేల్చండి. నలుడి గొంతుకీ దమయంతి గొంతుకీ శ్రుతులేవి, అంటే హార్మోనియం మీద ఎన్నో మెట్టు?

గాంధీనగర్_నాటకం:
పాడేవాళ్ళని ఇద్దరిని అడిగాను. ఆయనది ఒకటిన్నర (ఒకటికీ రెండుకీ నడిమి నల్లమెట్టు), ఆవిడది ఐదు.

నాలుగో_శ్రుతి:
వద్దు. ఒకటిన్నరకీ ఐదుకీ పొసగదు. ఆవిడ షడ్జం (స) ఆయనకు ప్రతిమధ్యమం (రెండు 'మ'లలో పైది) అవుతుంది. సంవాద పద్యాల్లో ఒకరు ముగించగానే మరొకరు ఎత్తుకుంటే జనానికి చెవి తిరుగుతుంది. ఆయన్ని ఒకటికి దించండి. ఒకటి, ఐదు అయితే శ్రుతి కోసం పట్టి ఉంచే మెట్లు రెండూ అవే: ఆయనకు షడ్జ పంచమాలు (స, ప), ఆవిడకు మధ్యమ షడ్జాలు (మ, స). హార్మోనియం ఆగకుండా దాటిపోతుంది. ఆయన దిగనంటే ఆవిడని ఐదున్నరకు ఎక్కించండి, లెక్క అదే. కాకపోతే పై షడ్జం దగ్గర ఆవిడ గొంతు నలుగుతుందేమో పాడించి చూడాలి.

సౌండ్_బాక్సు:
తబలాల్లో కుడిచేతివి మాత్రం రెండు తెప్పించండి, ఒకటో శ్రుతికి ఒకటి, ఐదుకి ఒకటి. ఒకే దాన్ని మధ్యలో సుత్తితో దించడానికి టైముండదు. హాల్లో ఏసీ ఆటకు గంట ముందే వేయించండి. ఏసీ పొడిగాలికి తోలు బిగిసి శ్రుతి ఎక్కుతుంది. వానాకాలం బయటి తేమలో కలిపి తీసుకొచ్చి నేరుగా వాయిస్తే మొదటి పాట అయ్యేలోపే హార్మోనియానికీ దానికీ చెడుతుంది.